పిట్టలు తినని రొట్టెముక్కలు

పిల్లలకు చెప్పే విదేశీ కథల్లో హాన్సెల్, గ్రెటెల్ కథ చాలామంది వినే ఉంటారు. జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథల పుస్తకంలో ఉందది. కరవు రోజులు. ఇంట్లో తిండి చాలక అన్నాచెల్లెళ్లిద్దరినీ అడవిలో వదిలేసి రావాలనుకుంటారు పెద్దవాళ్లు. ఆ మాట చాటుగా విన్న హాన్సెల్ తెల్లటి గులకరాళ్లు ఏరి జేబులో పోసుకుంటాడు. దారి పొడవునా ఒక్కొక్కటే జారవిడుస్తాడు. రాత్రి వెన్నెల్లో అవి మెరుస్తుంటే వాటి వెంబడే ఇద్దరూ ఇంటికొచ్చేస్తారు. రెండోసారి తలుపుకు తాళం పడుతుంది. రాళ్లు ఏరుకునే వీల్లేదు. చేతికిచ్చిన రొట్టెనే తుంచి ముక్కలు వేసుకుంటూ వెళ్తాడు. వాటిని పిట్టలు తినేస్తాయి. పిల్లలు అడవిలో దారి తప్పుతారు.

కంప్యూటర్ రంగంలో పేర్లు పెట్టేవాళ్ల తమాషా చూడండి. ఇంటికి చేర్చిన గులకరాళ్లను వదిలేసి, మధ్యలో మోసం చేసిన రొట్టెముక్కల పేరే ఎంచుకున్నారు. వెబ్‌సైట్లలో పేజీ పైభాగాన, మెనూకి కిందగా, సన్నటి అక్షరాలతో ఓ వరస కనిపిస్తుంది. హోం > దుస్తులు > చీరలు > గద్వాల. అదిగో, ఆ వరసను బ్రెడ్‌క్రంబ్స్ అంటారు. రొట్టెముక్కలన్నమాట. చివరిది మీరున్న పేజీ. దాని ముందున్నవి ఒక్కో మెట్టూ పైకి. ఏ మెట్టు మీద క్లిక్ చేస్తే అక్కడికి వెళ్లిపోతారు. అంతే సంగతి.

ఇంత చిన్నదాని గురించి ఆదివారం పూట చెప్పుకోవడానికేముందీ అంటారా? ఉంది. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో వెబ్ అప్లికేషన్లకు స్క్రీన్లు డిజైన్ చేయడమే నా ఉద్యోగం. వాటి మీద నేను గీసిన వాటన్నిటిలోకీ ఎవరూ మెచ్చుకోనిది, ఎవరూ తిట్టనిది ఈ వరసే. మనుషుల మీద దాని ప్రభావం మాత్రం నేననుకున్నదానికంటే పెద్దది.

ముందు దాని పుట్టుక. 1994లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అనే ఇద్దరు కుర్రాళ్లు ఇంటర్నెట్‌లో ఉన్న సైట్లన్నిటికీ ఒక పట్టిక రాయడం మొదలుపెట్టారు. అదే తర్వాత యాహూ అయింది. ఇప్పట్లా వెతుకుడు గడిలో నాలుగు మాటలు కొడితే చాలదు. కళలు, ఆటలు, ఆరోగ్యం, సైన్సు అంటూ పెద్ద పెట్టెలు. ఒక్కోదాన్లో చిన్న పెట్టెలు. వాటిలో ఇంకా చిన్నవి. నాలుగైదు పెట్టెలు తెరిచాక ఏ పెట్టెలో ఉన్నామో మర్చిపోవడం ఖాయం. అందుకని ప్రతి పేజీ పైనా ఆ పెట్టెల పేర్లు వరసగా రాసేవాళ్లు. 2000 ప్రాంతంలో గంటకింతని కట్టి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్నవాళ్లు ఆ వరసను చూసే ఉంటారు. ఆ యాహూ పట్టిక 2014 చివర్లో మూతపడింది. దాని తలమీది వరస మాత్రం అన్ని చోట్లకూ పాకింది. 2007లో వచ్చిన విండోస్ విస్టాలో ఫోల్డర్ల పైనా అదే వరస వచ్చి కూర్చుంది. 2009 నుంచి గూగుల్ వెతుకులాట ఫలితాల్లోనూ కనిపించింది.

అయితే సైటు వేరు, అప్లికేషన్ వేరు. సైటంటే పేపరు చదివినట్టు చూసి వదిలేస్తాం. అప్లికేషన్ అంటే దాని ముందు కూర్చుని రోజంతా పనిచేస్తాం. బ్యాంకు కౌంటర్లో, కాలేజీ ఆఫీసులో, ఆసుపత్రి వార్డులో. అక్కడ దారి తప్పితే చీర దొరక్కపోవడంతో పోదు.

కొన్నేళ్ల క్రితం ఓ జిల్లా కేంద్రంలోని ఆసుపత్రికి కొత్త సాఫ్ట్‌వేర్ చేసే పని మా జట్టుకు వచ్చింది. గీతలు గీసేముందు అక్కడి మనుషులు ఎలా పనిచేస్తున్నారో చూడటం మాకు అలవాటు. ఆడవాళ్ల మెడికల్ వార్డులో రెండు రోజులు ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముప్పై ఆరు పడకలు. నర్సుల బల్ల మీద ఒక్కటే కంప్యూటర్. దాని మానిటర్ అంచున తెల్లటి ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది. ఇంజక్షన్ చేసినచోట దూది మీద అంటిస్తారే, అది. దాని మీద బాల్‌పెన్నుతో ‘7 - వెం.లక్ష్మి’ అని రాసుంది.

‘ఇదేంటి సిస్టర్?’ అనడిగాను.

‘అదా సార్... నేను ఎవరి పేజీలో ఉన్నానో గుర్తుకి’ అన్నారావిడ. సర్వీసు పాతికేళ్లు దాటిన మనిషి. కంప్యూటర్ అంటే భయం లేదు. కానీ ఆ పాత సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు తెరిస్తే పైన ‘రిజల్ట్స్’ అని ఒక్కటే మాట. ఎవరి రిజల్ట్సో కింద ఎక్కడో సన్నగా ఓ పదంకెల నంబరు. వెనక్కి వెళ్దామని బ్యాక్ నొక్కితే గడువు ముగిసిందంటూ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అందుకే ఆవిడ సొంతంగా ఒక దారి కనిపెట్టుకున్నారు. పేషెంట్ మారినప్పుడల్లా పాత ప్లాస్టర్ పీకి కొత్తది అంటించడం. రోజుకెన్నిసార్లో!

రెండో రోజు మధ్యాహ్నం. ఏడో నంబరు పడకలో ఓ వెంకటలక్ష్మి, పంతొమ్మిదిలో ఇంకో వెంకటలక్ష్మి. మన ఊళ్లలో ఆ పేరు లేని వార్డు ఉండదు కదా! ఒకావిడకు షుగర్, ఇంకొకరికి జ్వరం. సిస్టర్ ఏడో నంబరు రిపోర్టు తెరిచి పెట్టుకోగానే చివరి పడక దగ్గర నుంచి ఎవరో పిలిచారు. ఆవిడ వెళ్లారు. ఈలోగా ఇంకో సిస్టర్ వచ్చి పంతొమ్మిదో నంబరు రిపోర్టు చూసుకుని వెళ్లిపోయారు. మొదటావిడ తిరిగొచ్చేసరికి ప్లాస్టర్ మీద 7. స్క్రీన్ మీద 19 నంబరు ఆవిడ అంకెలు. పైన మాత్రం అదే మాట, ‘రిజల్ట్స్’.

ఆ రోజు ఏమీ కాలేదు. ఆవిడ జాగ్రత్త మనిషి. ఇన్సులిన్ జోలికి వెళ్లేముందు కేస్ షీటు తీసి చూశారు, అంకెలు పొంతన లేకపోయేసరికి నంబరు సరిచూసుకున్నారు. ‘చూశారా సార్, ఇందుకే కాగితాన్ని వదలం’ అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. రాత్రి డ్యూటీలో, ముప్పై ఆరు పడకలకూ ఇద్దరే ఉన్నప్పుడు, ఎవరికైనా ఆ కేస్ షీటు తీసే తీరిక లేకపోతే?

తిరిగొచ్చాక మా డిజైన్‌లో మొదట కుదిరింది ఆ వరసే. వార్డులు > ఫిమేల్ మెడికల్ > బెడ్ 7, వెంకటలక్ష్మి, 52 ఏళ్లు > ల్యాబ్ రిపోర్టులు > షుగర్. ఏ పేజీలో ఉన్నా పైన ఇదే. బెడ్ 7 మీద నొక్కితే ఆవిడకు సంబంధించిన అన్నీ వస్తాయి. ఫిమేల్ మెడికల్ మీద నొక్కితే ముప్పై ఆరు పడకల జాబితా. చివర్లో ఉన్న ‘షుగర్’ మీద నొక్కితే ఏమీ రాదు. మనం ఉన్న గదికి మళ్లీ తలుపెందుకు?

చెప్పినంత సులువుగా ఏం తేలలేదు. ఆ ఒక్క వరస మీద మా ఆఫీసులో వారం రోజులు వాదించుకున్నాం.

మొదటి తగువు: ఈ వరస ఏం చెప్పాలి? మనం వచ్చిన దారినా, మనం ఉన్న చోటునా? వచ్చిన దారే చెప్పాలన్నాడు ఓ కుర్ర ఇంజనీరు. హాన్సెల్ వేసింది అందుకే కదా అని వాడి వాదన. సరే, అలాగే చూద్దాం. సిస్టర్ ముందు ల్యాబ్ జాబితా తెరిచారు. అక్కణ్నుంచి పేషెంట్. మళ్లీ ల్యాబ్. అక్కణ్నుంచి మందులు. తిరిగి పేషెంట్. దారంతా రాస్తే అరగజం తోరణమవుతుంది. పైగా ఒకే రిపోర్టు మీద పొద్దున ఒక వరస, సాయంత్రం ఇంకో వరస. వచ్చిన దారిన వెనక్కి వెళ్లడానికి బ్రౌజర్‌లో బ్యాక్ బటన్ ఉండనే ఉంది. ఈ వరస పని వేరు. ఏ దారిన వచ్చినా ఇంటి చిరునామా మారదు. అది చెప్పడమే దీని పని. పేరుకి రొట్టెముక్కలే గానీ చేసే పని వీధి చివర బోర్డుది. దుకాణాల సైట్లలో ఇంకో రకం కూడా ఉంటుంది. పట్టు, ఎరుపు, అయిదు వేల లోపు అని మనం ఎంచుకున్న లక్షణాలు వరసగా నిలబడతాయి. ఒక్కోదాన్నీ విడిగా తీసేయొచ్చు. చీరలకు అది బాగు. వార్డుకు చిరునామాయే బాగు.

రెండో తగువు: నంబరా, పేరా? నంబరైతే తేడా రాదన్నారు డేటాబేస్ చూసేవాళ్లు. నిజమే, యంత్రానికి రాదు. మనిషి కన్ను పదంకెల్లో చివరి మూడూ చూసి సరిపెట్టుకుంటుంది. పడక, పేరు, వయసు మూడూ పక్కపక్కన ఉంటే ఇద్దరు వెంకటలక్ష్ములు కలవరు. పేరు పేజీ పైన కనిపించాలి గానీ, బ్రౌజర్ అడ్రసు గడిలో కనిపించకూడదనీ అప్పుడే అనుకున్నాం. ఆ గడిలో పడింది కంప్యూటర్ చరిత్రలో ఉండిపోతుంది. రోగి వివరాలు అలా పడి ఉండకూడదు.

మూడోది, సగంలో ఉన్న పని. సిస్టర్ బీపీ, జ్వరం, పల్స్ రాస్తూ రాస్తూ పైనున్న వార్డు పేరు మీద నొక్కారనుకోండి. రాసిందంతా గాల్లో కలిసిపోకూడదు. ‘ఇంకా సేవ్ కాలేదు, వెళ్లమంటారా?’ అని అడగాలి. డిశ్చార్జి లాంటి నాలుగంచెల పని వచ్చినప్పుడు 1, 2, 3, 4 అని అంచెల గుర్తు వేరేగా పెట్టాం. చాలామంది ఈ రెంటినీ కలగాపులగం చేస్తారు. పెళ్లిలో ఎన్నో ఘట్టం నడుస్తోందన్నది ఒక ప్రశ్న. ఈ పెళ్లి ఏ ఊళ్లో, ఏ హాల్లో అన్నది ఇంకో ప్రశ్న.

ఇక సెల్‌ఫోన్. అరచేతి స్క్రీన్ మీద అయిదు మాటల వరస రెండు మూడు లైన్లకు మడతపడుతుంది. ఫోన్లో అసలు వద్దు అనేవాళ్ల చేతికి ఇప్పుడు ఇంకో ఆధారం దొరికింది. 2025 జనవరిలో గూగుల్ తన మొబైల్ వెతుకులాట ఫలితాల్లో ఈ వరసను తీసేసింది. కంప్యూటర్ మీద మాత్రం ఉంచింది. చిన్న స్క్రీన్ మీద వరస మధ్యలో తెగిపోతోందన్నదే అక్కడి కారణం. ఫలితాల జాబితా సంగతి వేరు, వార్డులో పేషెంట్ ఉన్న పేజీ సంగతి వేరు. ఫోన్లో మేము మొత్తం వరస బదులు బెడ్, పేరు ఉంచి, ఒక్క మెట్టు పైకి వెళ్లే బాణం గుర్తు పెట్టాం. ఏది తగ్గించినా, ఎవరి పేజీ అన్నది తగ్గించలేదు.

చూపు లేని మిత్రుడొకాయన ఉన్నారు. బ్యాంకు ఉద్యోగి. స్క్రీన్ మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తారు. మేము ఈ వరస గీయకముందే ఆయన్ని అడిగాం. ‘చాలా సైట్లలో అది నాకెలా వినిపిస్తుందో తెలుసా? హోం గ్రేటర్ దేన్ లోన్స్ గ్రేటర్ దేన్ గోల్డ్ లోన్. ఎవరు ఎవరికంటే గొప్పో తేల్చుకునేలోపు పని మర్చిపోతాను’ అన్నారు. మధ్యలో పెట్టే బాణం గుర్తును కంటికి కనిపించే అలంకారంగానే ఉంచి, చదివే సాఫ్ట్‌వేర్‌కు వినిపించకుండా చేయొచ్చు. ఈ వరస పేరేమిటో, అందులో ‘ప్రస్తుత పేజీ’ ఏదో దానికి విడిగా చెప్పొచ్చు. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ ఇవన్నీ ఎలా చేయాలో వివరంగా రాసిపెట్టింది. చేయడానికి పట్టేది కాసింత సేపు. చేయాలన్న ఆలోచన రావడానికే ఏళ్లు పడుతోంది.

ఈ గొడవంతా ఓసారి మా నాన్నకు చెప్పాను. ఆయన ఆర్ఎంఎస్‌లో సార్టర్‌గా రిటైరయ్యారు. కదిలే రైల్లో నిలబడి ఉత్తరాలు గళ్లలోకి వేసిన మనిషి. అంతా విని, ‘దీనికింత వాదనెందుకురా? మీ వరస చివర్నించి చదివితే అడ్రసే కదా’ అన్నారు. నిజమే! ఉత్తరం మీద పేరు, వీధి, ఊరు, మండలం, జిల్లా అని చిన్న నుంచి పెద్దకు రాస్తాం. ఈ వరస పెద్ద నుంచి చిన్నకు వస్తుంది. ఆయన చేతుల మీదుగా నడిచిన పిన్ కోడూ అంతే. 1972 ఆగస్టు 15న వచ్చిందది. మొదటి అంకె దేశంలో ఏ ప్రాంతమో చెబుతుంది. మొదటి మూడూ కలిపితే సార్టింగ్ జిల్లా. చివరి మూడూ పోస్టాఫీసు. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం మూడింటికీ మొదట ఉండేది 533. ఒకప్పుడవి మూడూ ఒకే తూర్పు గోదావరి జిల్లా. 2022లో మూడు వేర్వేరు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. ఉత్తరం మాత్రం ఆ 533 పట్టుకుని ఇంటికి చేరుతూనే ఉంది. ‘ఊరి పేరు లేని ఉత్తరం ఎంత చదువుకున్నవాడు రాసినా నా గడి దగ్గర ఆగిపోయేది’ అన్నారు నాన్న.

ఆలోచిస్తే ఈ లెక్క మనకు ఇంకా పాతదే. పూజలో సంకల్పం చెప్పించేటప్పుడు పురోహితుడు చేసేదేమిటి? కల్పం, మన్వంతరం, యుగం అని మొదలుపెడతాడు. జంబూద్వీపం, భరతఖండం దాటి, శ్రీశైలానికి ఏ దిక్కున, ఏయే నదుల మధ్య కూర్చున్నామో చెబుతాడు. సంవత్సరం, మాసం, తిథి చెప్పి, ఆఖరికి మన గోత్రానికీ మన పేరుకీ వస్తాడు. ఇంత విశ్వంలో నువ్వు ఇదిగో ఇక్కడ ఉన్నావు అని ముందు తేల్చుకుని, ఆ తర్వాతే పని మొదలుపెట్టిస్తాడు. ఏ పనికైనా అది మంచి పద్ధతే.

అలాగని ప్రతి సైటుకూ ఈ వరస కావాలని కాదు. రెండు గదుల ఇంటికి వీధి బోర్డులెందుకు? నాలుగైదు పేజీలే ఉన్న సైటులో హోం అన్న ఒక్క లింకు చాలు. మెనూ తీసేసి దీన్ని పెడతామన్నా కుదరదు. మెనూ ఎక్కడెక్కడికి వెళ్లొచ్చో చెబుతుంది. ఇది ఎక్కడున్నామో చెబుతుంది. లోతు ఉన్నచోట, ముఖ్యంగా గూగుల్‌లోంచో ఎవరో పంపిన లింకులోంచో జనం తిన్నగా మధ్య గదిలో వచ్చి పడేచోట, దీని విలువ తెలుస్తుంది. వెబ్‌సైట్ల వాడకాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన జేకబ్ నీల్సన్ 2007లో ఇదే విషయం రాశారు. ఈ వరసను జనం గమనించకపోవచ్చు గానీ, దీన్ని చూసి తికమకపడినవాళ్లు తన పరీక్షల్లో లేరన్నారు.

గమనించకపోవడమంటే ఏమిటో నాకూ తెలిసింది. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టిన రెండు నెలలకు ఆ వార్డుకు వెళ్లాను. మానిటర్ అంచున ప్లాస్టర్ లేదు. అది ఉన్నచోట నల్లటి జిగురు మరక మిగిలింది. ‘పైనున్న వరస బాగా ఉపయోగపడుతోందా సిస్టర్?’ అనడిగాను ఆశగా. ఆవిడ స్క్రీన్ వంక చూసి, ‘ఏ వరస సార్?’ అన్నారు. పక్కనే ఉన్న చిన్న సిస్టర్ ఏదో రిపోర్టు అడగ్గానే ఆవిడ చెయ్యి తిన్నగా పైకెళ్లింది. ఫిమేల్ మెడికల్ మీద నొక్కింది. పని అయిపోయింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అంతకు మించిన మెచ్చుకోలు నేను వినలేదు.

నన్ను బాధపెట్టేది ఒక్కటే. భూమి రికార్డు కోసమో, పింఛను కోసమో, పిల్లాడి హాల్ టికెట్ కోసమో కంప్యూటర్ ముందు కూర్చున్న పెద్దవాళ్లు మధ్యలో ఎక్కడో చిక్కుకుంటారు. జిల్లా ఎంచుకున్నాక మండలం, మండలం ఎంచుకున్నాక గ్రామం. ఏదో ఒకటి నొక్కగానే పేజీ మారిపోతుంది. ఎక్కడున్నారో తెలీదు. అప్పుడు వాళ్లు సైటును తిట్టరు. ‘మాకు చదువు లేదు బాబూ’, ‘నాకు ఇంగ్లిషు రాదులే అమ్మా’ అని లేచిపోతారు. ఎవరో పెట్టాల్సిన బోర్డు పెట్టకపోతే, ఆ లోపాన్ని తమ మీద వేసుకుంటారు.

కాబట్టి ఇంట్లో అమ్మకో నాన్నకో కంప్యూటర్ నేర్పుతుంటే, ఎక్కడ నొక్కాలో చెప్పేముందు పేజీ పైనున్న ఆ సన్నటి వరస చూపించండి. ‘ఇదిగో, మనం ఇక్కడున్నాం. కంగారొస్తే దీన్ని నొక్కు, ఒక మెట్టు పైకి వెళ్తావు’ అనండి. వరస లేని సైటు ఎదురైతే ఆ మాటా చెప్పండి. ఇది కట్టినవాళ్లు బోర్డు పెట్టడం మర్చిపోయారమ్మా, నీదేం తప్పు లేదు అని.